తిట్ల డాక్టరమ్మ, ఎదురుకాళ్ళ బిడ్డ

డాక్టరమ్మకు కోపం ముక్కుమీద ఉంటుందని అందరూ అనేవారు. అది తప్పు. ముక్కుమీద ఉండేది కళ్ళజోడు, కోపం ఒళ్ళంతా ఉండేది. కుర్చీ కిర్రుమంటే కుర్చీకి చీవాట్లు, కుళాయి రాకపోతే కుళాయికి చీవాట్లు.

అందరికన్నా ఎక్కువ తిట్లు తినేది ఇంకా పుట్టని బిడ్డలు. కడుపులో తల పైకి పెట్టుకుని కూర్చున్న ఎదురుకాళ్ళ బిడ్డను పొట్టమీదనుంచి చేతులతో నెట్టి తిప్పడంలో ఆవిడకు ఆవిడే సాటి. "దారి కిందుంటే నెత్తి పైన పెట్టావా? ఎవరు నేర్పారు, మీ నాన్నా?" అనేది. అక్కడినుంచి నాన్నను ఉతికి ఆరేసేది. "నీ పోలికే. నువ్వూ ఎవరినీ దారి అడగవు కదూ?" అత్తగారు వస్తే అత్తగారిని. "కోడలు నొప్పంటే ‘మా కాలంలో’ అంటావా? మీ కాలంలో నేనుంటే నిన్నూ తిట్టేదాన్ని."

నర్సుకు ఒళ్ళు మండేది. బల్లమీద మనిషి ప్రాణాలు బిగబట్టుకుని పడుకుంటే పక్కన ఈ రంకెలేమిటి? పద్దెనిమిదేళ్ళలో పని మానేస్తానని ఏడుసార్లు చెప్పింది. ఏడుసార్లూ తిట్లు తిని ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం, బట్టలు కుట్టుకుని బతికే అమ్మాయి ఒంటరిగా వచ్చింది. ఆమెదీ ఎదురుకాళ్ళ బిడ్డే, ఆ పూట తిరగకపోతే ఆపరేషనే.

"ఆపరేషనైతే నెలల తరబడి మిషను తొక్కలేనండీ. ఇంట్లో చూసేవాళ్ళు లేరు."

"నీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ."

భయంతో ఆమె పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. డాక్టరమ్మ రెండుసార్లు నెట్టి చూసింది, బిడ్డ కదలలేదు. చేతులు తీసేసి గదంతా కలయజూసింది. తిట్టడానికి మనిషి లేడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నర్సుకు ఆ గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది.

"సరే, నువ్వే నన్ను తిట్టు" అంది డాక్టరమ్మ.

"అయ్యో, మిమ్మల్నా అండీ?"

"నన్నే. కానివ్వు."

"మీరు... కాస్త గట్టిగా మాట్లాడతారండీ."

"ఇదా తిట్టడం? ముందు ‘అండీ’ తీసెయ్."

"నొప్పంటే వినరు. మీ చేతులు మంచుగడ్డలు."

"‘మీరు’ కూడా తీసెయ్."

అమ్మాయి పళ్ళు బిగించింది. "నీకసలు మనసుందా? ఎవరొచ్చారు, ఎవరొచ్చారు అని ఒకటే గోల. వస్తానన్నవాడు రాలేదు. మా అమ్మా రాలేదు. ఒక్కదాన్నే వచ్చాను, అయితే ఏంటంట?"

ఇక ఆగలేదు. పేరుపేరునా అందరినీ కడిగేసింది. పొట్ట మెత్తబడింది, డాక్టరమ్మ చేతులు మెల్లగా కదిలాయి. నర్సుకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ భర్తలూ అత్తగార్లూ తిన్న తిట్లన్నీ బల్లమీది మనిషి అనలేక మింగిన మాటలే. ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదా అని ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఇక చాలు, తిరిగింది" అంది డాక్టరమ్మ. బిడ్డ గుండె చప్పుడు విని బాగుందని నర్సు తలూపింది.

అమ్మాయి నాలిక కరుచుకుంది. "తప్పైపోయిందండీ."

"తిట్లు ఇంకా మిగిలాయా?"

"చాలా ఉన్నాయండీ."

"కాన్పుకి దాచుకో. నేను పక్కనే ఉంటాను. ఈ నర్సమ్మా ఉంటుంది. పద్దెనిమిదేళ్ళవి దాచిపెట్టింది."

"నేను పని మానేస్తున్నాను" అంది నర్సు, ఎనిమిదోసారి. "ఈ పిల్ల కాన్పయ్యాక."