అమ్మ మొఖానికి నా వైద్యం

ఆ రోజుల్ల నేను సగం డాక్టర్ను. ఇంటర్ల బైపీసీ తీసుకున్న ప్రతి ఆడపిల్ల మా దిక్కు సగం డాక్టరే, తక్కిన సగం ఎంట్రెన్సు పరీక్ష రాసినంక తేలుతది. (నాది తేలలె, మునిగింది. అది వేరే సంగతి.) చర్మానికి పొరలుంటయని పుస్తకంల చదివినప్పటి సంది ఊర్ల ఎవరి చెయ్యి చూసినా, ఎవరి మెడ చూసినా నాకు పొరలే కనవడుతుండె. ఎవరన్న దగ్గితే చాలు, కండ్లు చిన్నగ చేసి "ఎన్నొద్దుల సంది?" అని అడిగేదాన్ని. ఇప్పుడు యాద్ చేసుకుంటే ముందు నవ్వొస్తది, దాని వెనకాల్నే సిగ్గయితది. ఎందుకంటే ఆ డాక్టర్ చేతిల పడ్డ మొదటి పేషెంటు, ఆఖరి పేషెంటు సుత, మా అమ్మనే.

మాది తరిగొప్పుల దగ్గర చిన్న ఊరు. అమ్మ బడిల పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుండె. రేకుల కింద కట్టెల పొయ్యి, దాని మీద ఇద్దరు పట్టుకుంటేగాని లేవని గంజు, అండ్ల కుతకుత ఉడికే పప్పు. పొద్దంత ఆ సెగ మొఖం మీదనే. అది చాలనట్టు సెలవులల్ల పత్తి ఏరవోయేది. తమ్ముడు పుట్టినంక ఆమె రెండు చెంపల మీద, ముక్కు మీద నల్లటి మరకల లెక్క మంగు వచ్చింది. మా ఊర్ల మంగును ఎవరూ రోగం కింద లెక్కవెట్టరు, పిల్లల తల్లికి అది మామూలే అనుకుంటరు. అమ్మ సుత పట్టించుకోలె. అద్దం చూసుకునేదే బొట్టు పెట్టుకునేటప్పుడు, అదీ నుదురు దాకనే చూసుకునేది. పట్టించుకున్నది నేను. ప్రేమ ఎక్వై కాదు, ఇజ్జత్ పోతదని.

జనగామల హాస్టల్ ఉన్న కాలేజీల నా చదువు. నెలకోసారి, రెండో ఆదివారం నాడు, ఇంటోళ్లు వచ్చి చూసిపోవచ్చు. ఆ రోజు హాస్టల్ ముందట చద్దర్లు పరిచి, టిఫిన్ డబ్బలు ఇప్పి, జాతర జాతర ఉంటుండె. అమ్మ ఇంక తెల్లవారకముందే లేచి కోడికూర వండి, తానం చేసి, ఉన్నదాంట్ల మంచి చీర కట్టుకొని, రెండు బస్సులు మారి వచ్చేది. నా పక్క మంచం పిల్లది హన్మకొండ, అందుకని అందరం ఆమెను హన్మకొండ పిల్ల అనేటోళ్లం. మనసు మంచిదే గాని, కండ్లకు ఏది కనవడితే నోరు అది అడుగుతది. ఒక ఆదివారం అమ్మ నాలుగడుగుల అవతల నల్లా కాడ గిన్నె కడుగుతుంటే, ఆ పిల్ల నా చెవు కాడికి వచ్చి, "మీ అమ్మ మొఖం మీద గదేందే, నల్లగ?" అన్నది. మంగు అంటే అయిపోతుండె, రెండంటే రెండక్షరాలు. "మసి," అన్న. "పొయ్యి కాడికెల్లి సక్కగ బస్సెక్కింది. మొఖం సుత కడుక్కోలె." ఇద్దరం కిసుక్కున నవ్వినం. అమ్మ గిన్నె పట్టుకొని వచ్చి, "దేనికే గంత నవ్వుతున్నరు, నాకు జెప్పరాదు?" అన్నది. నేను తల వంచుకొని కూర తిన్న. సిగ్గుతోటి తినలేకపోయిన అని రాసుకుంటే బాగుంటది గాని, అబద్ధం. రోజుకంటే రెండు ముక్కలు ఎక్వనే తిన్న.

దసరా సెలవులకు ఇంటికి పోయేసరికి అమ్మ ముందుగాల అడిగిన మాట, "మొఖానికి మంచి సబ్బు ఏదన్న ఉన్నదా బిడ్డా?" అని. నా పేషెంటు తనంతట తనే వచ్చి కూసున్నదని నేను సంబురపడ్డ. ఏనాడూ లేంది ఈమెకు ఇయ్యాల సబ్బు యావ ఎందుకు పుట్టిందని ఒక్క నిమిషమన్న ఆలోచించలె. వెంటనే నోటుబుక్కు తీసిన. "పేషెంటు: అమ్మ. వయసు: ఎవ్వరికీ తెల్వది. జబ్బు: మంగు. కారణం: రక్తం చెడిపోయింది." (రక్తం చెడిపోయిందని నాకు చెప్పింది ఫోన్ల ఒక వీడియో. ఆ వీడియోకు ఎవరు చెప్పిండ్రో.) మొదటిరోజు నిమ్మకాయ రసం రుద్దిన. రెండోరోజు టమాటకు చక్కెర అద్ది రుద్దిన. మూడోరోజు జాజికాయ అరగదీసి పెట్టిన. నాలుగోరోజు పళ్ల పేస్టు. ఆ పేస్టు మొఖమంత పూసి, "మాట్లాడొద్దు, నవ్వొద్దు, పగుల్తది" అని కూసోవెట్టిన టైముకే బడి పెద్దసారు గుడ్ల లెక్క అడగనీకి వాకిట్లకు వచ్చిండు. తెల్లటి మొఖంల రెండు కండ్లు మాత్రమే కదులుతుంటే ఆయన రెండడుగులు ఎనుకకు వేసి, "ఏమైందమ్మా, ఎక్కడన్న కాలిందా?" అని అడిగిండు. అమ్మ పెదాలు కదలకుండ "మా బిడ్డ డాక్టర్ సారూ" అన్నది. సారుకు ఏమర్థమైందో ఏమో, గుడ్ల లెక్క రేపు చూద్దామని పోయిండు. ఆయన పోయినంక మేమిద్దరం నవ్విన నవ్వుకు పేస్టంత పెచ్చులూడి ఒళ్ల పడ్డది. ఇంత జరిగినా మంగు మాత్రం కొంచెం సుత కదలలె.

సెలవులు ఒడిసి కాలేజీకి పోయినంక, ఒక మెడికల్ షాపుల మంగుకు మందు అడిగిన. చీటి లేదు, డాక్టర్ లేడు. షాపాయన ఒక చిన్న ట్యూబు బల్ల మీద పడేసి, "పదిహేను రోజులు పెట్టమను, కడిగిన ముత్యమే" అన్నడు. ఆ ట్యూబు అమ్మకు పంపిన. ఆయన మాట అబద్ధం కాలె, అదే వచ్చిన తిప్పలు. నెల తిరిగేసరికి అమ్మ మొఖం తెల్లగ, నున్నగ అయింది. ఆ రెండో ఆదివారం నేను అమ్మను హాస్టలంత తిప్పిన. అన్నం కూడ తిననియ్యలె. హన్మకొండ పిల్ల ముందటికి తీసుకపోయి నిలవెట్టిన. "అబ్బ, ఆంటీ ఎంత మంచిగైండ్రు!" అన్నది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, చిన్నపిల్ల లెక్క సిగ్గుపడ్డది. నలుగురు తల్లులు నన్ను చుట్టుకొని ట్యూబు పేరు అడిగిండ్రు. నేను నలుగురికీ చీటీలు రాసిచ్చిన, కింద సంతకం ఒక్కటే తక్వ. (ఆ నలుగురి మొఖాలు ఏమైనయో నాకు తెల్వది. తలుసుకుంటే ఇప్పటికి పానం గుంజుతది.)

ఇంకో రెండు నెలలకు ఫోన్ల అమ్మ, "పొయ్యి ముందట నిలవడితే మొఖం భగ్గుమంటున్నదే" అన్నది. "అంటే మందు పని చేస్తున్నట్టు. ఇంకింత పెట్టు," అన్న, ఫోన్లనే నాడి చూసినట్టు. ఆ తర్వాతి ఆదివారం అమ్మ రాలె, బాపు వచ్చిండు. "అమ్మకు పనున్నది" అన్నడు. మళ్ల నెల సుత బాపే వచ్చిండు, మళ్ల అదే మాట. అబద్ధమాడుడు మా బాపుకు చేతగాదు, కూర డబ్బ దిక్కు చూసుకుంట చెప్తడు. శివరాత్రికి ఇంటికి పోయిన. అమ్మ పొయ్యి కాడ మొఖానికి తడిబట్ట చుట్టుకొని పప్పు కలుపుతున్నది. నేను బట్ట తీసి చూసిన. చెంపలు ఎర్రగ కమిలినయి, తోలు పల్చబడి సన్న నరాలు కనవడుతున్నయి, మంగు ముందటికంటే నల్లగ, ముందటికంటే ఎక్వ జాగల. "ఏం గాదు తీ బిడ్డా, ఎండకు" అన్నది. ఓదార్చవలసిన దాన్ని నేను, ఓదారుస్తున్నది ఆమె.

జనగామల చర్మం డాక్టరమ్మ కాడికి తీసుకపోయిన. ఆమె ట్యూబు చూసి కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "దీంట్లో స్టెరాయిడ్ ఉంది. ముందు తెల్లగా చేస్తుంది, తర్వాత చర్మాన్ని పాడు చేస్తుంది. ఎవరిచ్చారమ్మా మీకు?" అన్నది. నేను నోరు తెరిచేలోపల్నే అమ్మ, "నేనే తెచ్చుకున్న మేడం" అన్నది. డాక్టరమ్మ, అమ్మ చెంప మీది గీతలు చూసి, "ఇవేంటి, దేంతోనన్నా రుద్దారా?" అని అడిగింది. "బీరపీచుతోటి, మేడం. బస్సెక్కే ముందు బాగ రుద్దుకునేదాన్ని. మసి అనుకున్న."

నా దిక్కు చూడలె. చూసినా బాగుండు.

"మసి కాదమ్మా, కడిగితే పోవడానికి," అన్నది డాక్టరమ్మ. "రంగు చర్మం లోపలే తయారవుతుంది. కాన్పుల టైంలో ఒంట్లో మార్పులకు, ఎండకు, మీకైతే పొయ్యి వేడికి కూడా, కొన్నిచోట్ల ఎక్కువ తయారైంది. మీ తప్పేం లేదు. రుద్దితే మాత్రం ఇంకా నల్లబడుతుంది." ఆ ట్యూబు ఎట్ల తగ్గించుకుంట మానాలెనో చెప్పింది, ఎండకు పోయేముందు పూసుకునే లోషన్ రాసింది, గొడుగు పట్టుకొమ్మన్నది, గంజు మీదికి వంగకుండ పొడుగు గరిటె వాడుమన్నది. నెలలు పడుతదన్నది, మొత్తం పోకపోవచ్చు, తక్వైతదన్నది. అమ్మ అన్నిటికి తలూపి, లేవబోయి మళ్ల కూసొని అడిగింది, "రెండో ఆదివారం దాక తక్వైతదా మేడం?"

వాపసు బస్సుల నేను కిటికీ దిక్కు తిరిగి ఏడ్చిన. ఎవరన్న చూస్తే దుమ్ము పడ్డదనుకునేటట్టు ఏడ్చిన, దాంట్ల సుత ఇజ్జత్ చూసుకున్న. ఊరు వచ్చేముందు, "అమ్మా, ఈసారి నువ్వే రా" అన్న. "వస్త తీ" అన్నది. రాలె. ఆ ఏడాది లేదు, మళ్ల ఏడాది లేదు. నా చదువు ఒడిసేదాక బాపే వచ్చిండు. నేను గట్టిగ రమ్మని ఎందుకు అనలేదో, మసి అన్న మాట నేనే అన్నానని ఎందుకు ఒప్పుకోలేదో ఇప్పటికి నాకు సమజ్ కాదు.

ఇప్పుడు నేను మానుకోటల, అదే మహబూబాబాద్ల, బడిల సైన్స్ చెప్త. పోయిన ఎండకాలం అమ్మ వచ్చి వారం ఉన్నది. మంగు చాన తక్వైంది, చెంపల మీద కొంచెం ఉన్నది. ఒక పొద్దున ఆమె అద్దం ముందట లోషన్ పూసుకుంటుంటే, ఏ దేవుడు ధైర్యమిచ్చిండో, అనేసిన. "అమ్మా, ఆనాడు హాస్టల్ల నీ మొఖం మీద మసి ఉన్నదని అన్నది నేనే."

అమ్మ చెయ్యి ఆగింది. అద్దంలనే నన్ను చూసింది. "నువ్వన్నవా?" అన్నది. "అయ్యో, ఇన్నేండ్ల సంది నేను గా హన్మకొండ పిల్లను తిట్టుకుంటున్ననే! పాపం పిల్ల!" అని నవ్వుడు మొదలువెట్టింది. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొచ్చినయి. కొంగుతోటి తుడుసుకొని, "మస్తు తిట్టిన పాపం" అని మళ్ల నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఇద్దరం మంచం మీద కూలవడి నవ్వినం. నిజంగనే ఆమెకు ఆ రోజు నా గొంతు గుర్తువట్టరాలేదా, పదహారేండ్లు పెంచిన బిడ్డ గొంతు? అడుగుదామని ఎన్నోసార్లు నోటిదాక వస్తది. అడగను. అడిగినా అమ్మ నిజం చెప్పది.