గిన్నెడు పెరుగు, గిలాసెడు నీళ్లు

మా ఇంటామెతోటి పందెం కాసుడంటే గోడకు తల కొట్టుకునుడే. అయినా కాసిన. నారాయణగూడల నేను పోయే జిమ్ముల, ఒంట్ల కొవ్వెంతుందో చెప్పే మిషనుంది. పోయిన నెల కంటె కొవ్వు తగ్గితే ఆదివారం మటన్ ఎప్పటిలెక్కనే. తగ్గకుంటే నెలంత సొరకాయ కూర. నాకంటె మా అమ్మకే పరేషాన్ ఎక్కువైంది. చిక్కడపల్లిల కాపురం పెట్టినకాంచి ఆమెకు మటన్ లేని ఆదివారం తెల్వదు.

జిమ్ముల కోచ్ ముందే చెప్పిండు: "అన్నా, పొద్దుగాల ఉత్త కడుపుతోటి రా. చాయ్ గూడ తాగకు." సరే అన్న. తెల్లారి బూట్లేసుకోని బయలెల్లుతుంటే అమ్మ గిన్నె పట్టుకోని ఎదురొచ్చింది.

"నోరు తెరువు."

"వద్దే అమ్మా, తినొద్దన్నరు."

"పదో తరగతి పరీక్షకు, నౌకరి ఇంటర్వ్యూకు, పెండ్లి చూపులకు, అన్నిటికి పెరుగు చక్కెర తినే పోయినవ్. ఏదన్న తప్పిందా?"

పెండ్లి చూపులనంగనే వంటింట్లకెల్లి మా ఇంటామె గట్టిగ దగ్గింది.

మామూలుగైతే ఒక్క చెంచ పెడతది. ఇది మటన్ సంగతాయె, గిన్నె ఖాళీ అయ్యేదాక వదల్లే. పైకెల్లి గిలాసెడు నీళ్లు తాగిచ్చింది.

జిమ్ముల మిషన్ ఎక్కిన, పిడులు పట్టుకున్న. కాయితం వచ్చింది. కొవ్వు పోయినసారి కంటె జరంత ఎక్కువ! నా పానం పోయినంత పనైంది.

"ఏమన్న తిన్నవా అన్నా?"

చెప్పిన. కోచ్ నెత్తి పట్టుకున్నడు. "ఒంట్లకు సన్నగ కరెంటు పంపి లెక్క కడతది. కడుపులున్న పెరుగు, నీళ్లు గూడ నీ ఒళ్లే అనుకుంటది. ఇంక లెక్క ఎట్ల సక్కగొస్తది?"

రేపు మల్ల చూద్దామంటే మా ఇంటామె ఒప్పుకోదు. ఒక్కటే ఛాన్సని ముందే షరతు పెట్టింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ దర్వాజ కాడనే నిలబడ్డది. "ఏమాయెరా?"

నీ పెరుగే కొంప ముంచిందని ఏ నోటితోటి చెప్పాలె? "మిషన్ ఖరాబుందే" అన్న. మా ఇంటామె కాయితం చూసింది, సింకులున్న గిన్నె చూసింది, నా మొకం చూసింది. 

ఆదివారం వంటింట్లకెల్లి మటన్ వాసన! ఖుషీగ పోయి కూసున్న.

"అత్తమ్మకు వండిన. ఆమె పందెం కాయలే కద" అనుకుంట మా ఇంటామె నా పళ్లెంల సొరకాయ ఏసింది.

ఏడ్సుకుంట తింటున్న. ఆమె నీళ్లకని అటు తిరిగిందో లేదో, అమ్మ తన పళ్లెంలున్న మూలుగ నిండిన నల్లిబొక్క తీసి నా అన్నం కింద దాచింది.

"తిను బిడ్డా," అన్నది చెవుల, "మిషన్ ఎట్లన్న ఖరాబే ఉందంటివి."