అద్దం లోపలి మంచు

కుప్పం నుంచి ఫోను పొద్దున ఏడు గంటలకు వచ్చింది. స్పేర్ పార్టుల అంగడి ఆయన చేశాడు. "మేస్త్రీ పోయినాడప్పా. రాత్రి బాగానే తిని పండుకున్నాడంట. తెల్లారి లేయలేదు. మాపటికి మట్టి సేస్తారు" అన్నాడు. నేను సరేనని ఫోను పెట్టేశాను. ఆ రోజు ఒప్పుకున్న బాడుగ వేరే ఆయనకు అప్పగించి, పుంగనూరు నుంచి కుప్పం పోయాను. పెట్టె ఇంకా మూయలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడిగారు. ఆ చొక్కా ఆయన ఆదివారం చర్చికి మాత్రమే వేసుకునేవాడు. మిగిలిన ఆరు రోజులూ ఖాకీ చొక్కాయే.

ఆయన్ని అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. మొదట మదనపల్లెలో ఒక ఆసుపత్రి జీపులు చూసుకునేవాడు. తొంభైల మొదట్లో ఆ పని మానుకుని పుంగనూరులో బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు వేశాడు. చివరి మూడేళ్లు కుప్పంలో కూతురి దగ్గర ఉన్నాడు. ఆమె అక్కడ నర్సు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదని, వీధిలో ఎవరి స్కూటరు మొరాయించినా పిలవకుండానే పోయేవాడని అంగడి ఆయన చెప్పాడు.

నేను టాక్సీ నడుపుతాను. బడికి పోయింది తక్కువ. చదవడం, రాయడం బండి కాగితాలు చూసి నేర్చుకున్నాను. బండి పనులు మాత్రం ఆయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. ఆయన ఎవరి బండి వచ్చినా ముందు బానెట్ తెరిచేవాడు కాదు. తలుపు వేసుకుని డ్రైవరు సీట్లో కాసేపు కూర్చునేవాడు. "బండిలో కూర్చునేవానికి ఏం కష్టంగా ఉండాదో ముందు అది తెలియాల" అనేవాడు. బ్రేకు పోయింది, క్లచ్ పోయింది అని మనమే తేల్చి చెబితే ఆయనకు నచ్చేది కాదు. "జబ్బు పేరు నువ్వు సెప్పొద్దు. నీకు ఏం కనపడిందో అది సెప్పు. పేరు నేను పెడతాను" అనేవాడు. ఈ మాట మీద ఆయనతో పోట్లాడి బండి తిప్పుకుపోయినవాళ్లు కూడా ఉన్నారు.

ఆయన గురించి నేను రాయదగిన సంగతి ఒకటుంది. అది నా తప్పు గురించి కూడా. రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఒక డిసెంబరు తెల్లవారుజామున నలుగురు రైతులను ఎక్కించుకుని మదనపల్లె టమోటా మార్కెట్టుకు బయలుదేరాను. చలికి అద్దాలన్నీ ఎత్తేశారు. ఊరు దాటేసరికి ముందద్దం తెల్లగా కమ్ముకుంది. హీటరు గాలి పెట్టాను. ఏమీ రాలేదు. టవలుతో తుడిస్తే రెండు నిమిషాలు కనపడేది, మళ్లీ కమ్ముకునేది. అలా నాలుగైదు సార్లు తుడిచాను. ఇంకోసారి తుడుస్తుండగా బండికి ఏదో తగిలింది. దిగి చూస్తే డెయిరీకి పాలు మోసే పాలాయన. సైకిలుతో సహా పడి ఉన్నాడు. రెండు క్యాన్ల పాలూ రోడ్డు మీద పారుతున్నాయి. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ, కాలు రెండు చోట్ల విరిగింది.

ఆ కారులోనే మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాను. ఖర్చు నేను పెట్టుకున్నాను. బండిలో ఉన్న రైతులు మంచు అన్నారు. పోలీసులు కూడా మంచు అనే రాసుకున్నారు. చివరికి పాలాయనే, కట్టు కట్టించుకుంటూ, "నిద్రమత్తులో నేనే రోడ్డు మధ్యలోకి వచ్చింటానేమోలేప్పా" అన్నాడు. ఆయన సైకిలు పడి ఉన్నది రోడ్డు అంచున మట్టిలో. అది నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు. "ఈ కాలంలో ఇట్టాంటి మనిషి యాడుండాడప్పా, ఆసుపత్రి ఖర్చంతా తనే పెట్టుకున్నాడు" అని ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు. దానికీ ఏమీ అనలేదు.

పగిలిన హెడ్‌లైటు వేయించడానికి బండిని మేస్త్రీ దగ్గర పెట్టాను. పనిలో పనిగా, హీటరు గాలి రావడం లేదు, మోటారు పోయింది అన్నాను.

"మళ్లా పేరు పెడతాండావు" అన్నాడు. సీట్లో కూర్చుని స్విచ్ వేశాడు. లోపల గుయ్యిమని చప్పుడు వచ్చింది. "మోటారు తిరగతాండాది. గాలే యాడికో పోతాండాది. ఒక ఊదొత్తి ఇయ్యి."

నా డాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహం ఉంది. దాని ముందరి కట్ట నుంచి ఒకటి తీసి ఇచ్చాను. ముట్టించి కాళ్ల దగ్గర పెట్టాడు. పొగ కొద్దిగా చెదిరింది. ముందద్దం కింద, గాలి పైకి రావలసిన సందు దగ్గర పెట్టాడు. పొగ కదలకుండా నిట్టనిలువుగా లేచింది. ఆ సందు మీద నేనే ఎర్ర మఖమల్ గుడ్డ బంకతో అంటించాను. దాని మీద విగ్రహం, రెండు ప్లాస్టిక్ పూలకుండీలు పెట్టాను. బండి కొన్న వారమే చేసిన పని అది.

"సామిని నేను ముట్టను. నువ్వే తీయి. ఆయనకు కూడా దోవ కనపడాల కదా" అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తరువాత ఒక్కొక్కటే బయటపడింది. బయటి గాలి తీసుకునే మీట మూసి తీగతో బిగించి ఉంది. యాల కట్టినావన్నాడు. దుమ్ము వస్తుందని అన్నాను. వైపర్ల కింది జల్లెడ ఊడదీస్తే చింతాకు కుళ్లి పేడలాగా వచ్చింది. బండి రోజూ చింతచెట్టు కిందే ఆపుతాను. నీళ్లు పోవలసిన రంధ్రం ఆకుతో పూడిపోయి, వాన నీళ్లు లోపలికి దిగి, కాళ్ల కింది కార్పెట్టు పిండితే నీళ్లు కారాయి. వేడినీళ్లు హీటరుకు పోయే పైపును, మన ఎండలకు ఇది ఎందుకని, వేరే మెకానిక్ ఎప్పుడో తప్పించేశాడు. అప్పుడు నేనూ బాగుందన్నాను.

"లోపల తడి. అయిదుమంది ఊపిరి. పోయే దారి లేదు. అద్దం కమ్ముకోక ఏం సేస్తాది" అన్నాడు మేస్త్రీ. చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఆ పొద్దు గ్లాసు బయట తుడిచినావా, లోపల తుడిచినావా?"

"లోపల."

"తుడిస్తే ఎంత దూరం కనపడె?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ ఆయన ఎప్పుడూ కనపడింది చెప్పమనే అడిగేవాడు. "మైలురాయి కనపడింది. దాని అవతల మలుపు కూడా" అన్నాను.

మేస్త్రీ చేతిగుడ్డ పక్కన పడేశాడు. "పాలాయప్పకు తెలుసునా?"

"తెలీదు. తనదే తప్పనుకుంటాండాడు."

"నేను ఎవురికీ సెప్పను. సెప్పాల్సింది నేను కాదు" అని హెడ్‌లైటు పనిలో పడ్డాడు.

చెబితే కేసు తిరగబడవచ్చు. లైసెన్సు పోవచ్చు. నాకు వేరే పని రాదు. ఆ నాలుగు రోజులు ఇదే లెక్క వేసుకున్నాను. ప్రతిసారీ చెప్పకుండా ఉండటమే లాభంగా తేలింది.

అయిదో రోజు తెల్లవారుజామున షెడ్డుకు రమ్మన్నాడు. మంచులో పోయి పరీక్ష చేయాలన్నాడు. బండి షెడ్డులో పెట్టినప్పటి నుంచి నేను స్టీరింగు ముట్టలేదు, ఆయనే నడిపాడు. మదనపల్లె రోడ్డులో కొంతదూరం పోయాక మట్టిదారిలోకి తిప్పాడు. అది పాలాయన ఊరికి పోయే దారి.

"ఈడ యాల?" అన్నాను.

"మట్టిరోడ్డులో గాలి ఎట్టొస్తాదో సూడొద్దా?"

పాలాయన ఇంటి ముందర ఆపాడు. ఇంజను ఆపలేదు. "ఇంజను కొంచేపు ఆడిచ్చి సూస్తాను. నువ్వు దిగి నీ పని సూసుకోపో."

పాలాయన వసారాలో మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. ఆయన భార్య పాలు పితికి అప్పుడే లోపలికి వస్తోంది. "రాప్పా. సూడు మా దొర ఎట్ట పండుకోనుండాడో. కండ్లు మూసుకోని సైకిలు తొక్కేది ఈయప్పకే సెల్లు" అంది.

నిలబడే చెప్పాను. గుడ్డ, మీట, చింతాకు, పైపు, లోపలి తడి. మంచు బయట అంతగా లేదని, అద్దం నా వల్లే కనపడలేదని చెప్పాను. చాలాసేపు పట్టిందనుకున్నాను. అంతా చెప్పాక చూస్తే ఆమె చేతిలోని పాల తపేలా ఇంకా కింద పెట్టనే లేదు.

పాలాయన అడిగింది ఒకటే. "అంటే నేను పక్కనే పోతాంటిని కదా?"

"పక్కనే పోతాంటివి. సైకిలు మట్టిలోనే పడింది."

"ఇంకోసారి సెప్పప్పా. మా నాయనకు సరిగ్గా వినపడదు, గట్టిగా సెప్పు" అని పెరట్లో ఉన్న తండ్రిని పిలిపించాడు. మళ్లీ చెప్పాను. గోడ అవతల పక్కింటామె తల ఎత్తి చూస్తే, ఆమెకు కూడా చెప్పమన్నాడు. మూడోసారి చెప్పాను.

"ముందే సెప్పింటే నా నోరన్నా మిగిలేది కదప్పా. ఇన్ని దినాలు ఈ మనిషిని తిట్టి తిట్టి గొంతు పోయింది" అంది ఆయన భార్య. కోపం నా మీదో, తన మీదో తెలియలేదు.

కేసు పెడతావా అని నేనే అడిగాను. "కేసు పాలు పోసొస్తాదా?" అన్నాడు పాలాయన. "కాలు అతుక్కునేదాకా పొద్దుపొద్దున డెయిరీకి పాలు ఎవురు మోస్తారో అది సెప్పు."

నేను మోస్తానన్నాను. ఆమె పాలు క్యాన్లో పోసి మూత బిగించి నా చేతికి ఇచ్చింది.

బయటికి వచ్చేసరికి మేస్త్రీ ఎడమ సీట్లోకి జరిగి కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూశాడు. క్యాను అందుకుని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. తారురోడ్డు చేరక ముందే ఆయన రెండు చేతులూ క్యాను చుట్టూ వేసి, మూత మీద తల వాల్చి నిద్రపోయాడు. పాలు తొణకకుండా గుంతలు తప్పించుకుంటూ నెమ్మదిగా పోనిచ్చాను. డెయిరీ ముందు వరుసలో నలుగురున్నారు. నా వంతు వచ్చేదాకా ఆయన్ని లేపలేదు.