ఎవరన్నా మిగిలినారా

పోయిన నెలలో ఒక ఉదయం, ఆత్మకూరు బస్టాండు దగ్గర నా ఫ్యాన్సీ షాపు షట్టర్ ఎత్తుతుండగా అన్న ఫోన్ చేశాడు. అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు, సీతారామపురం దగ్గర మా పల్లెలోనే ఉంటాడు.

"అమ్మ పోయింది మే. తెల్లారి లేపితే లేయలా" అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన, మా అమ్మాయి పరీక్ష సంగతి ఇక దేవుడికి ఎవరు చెబుతారని.

నాయన, ఆయన అన్నదమ్ములు పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నారు. పొద్దుగూకితే ఇంటిల్లిపాదీ పెద్దమ్మ వాకిట్లో చేరాల్సిందే. ప్రార్థన అయ్యేదాకా అన్నం గిన్నె మీద మూత తియ్యడానికి వీల్లేదు. మేము ఒక కన్ను తెరిచి ఎండుచేపల పులుసు వైపు చూస్తుంటే, కళ్లు మూసుకునే మందలించేది. "దేవుడికి తొందరేం లేదు. మీకే ఆకలి."

ఆమె ప్రార్థనలో గొప్ప మాటలు ఉండేవి కావు. ఒకరి చెవిపోటు, ఒకరి లెక్కల పరీక్ష, ఈనబోయే మేక. ఉదయగిరి నుంచి వచ్చే బస్సు టైర్లను కూడా దేవుడికి అప్పజెప్పేది. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి వాకబు చేసేది.

"చెవి తగ్గిందా? తగ్గితే తగ్గిందని చెప్పాల. లేకుంటే ఆయన ఇంకా దాని మీదే కూసోనుంటాడు."

ఆమెన్ అనే ముందు రోజూ ఒక మాట అడిగేది. "ఎవరన్నా మిగిలినారా?"

అప్పుడు మాకు హుషారొచ్చేది. ఎవరు మిగిలారో వెతికి చెప్పడం మా ఆట. కుంటికుక్క, పొరుగింట్లో పొదిగే కోడి, మమ్మల్ని కొట్టిన సారు. అన్నింటినీ ఆమె నవ్వకుండా చేర్చుకునేది. సారు పేరు చెప్పినప్పుడు మాత్రం, "ఆయన చేతికి కాస్త నెమ్మది ఇయ్యి ప్రభువా" అంది. మర్నాడు కూడా కొట్టాడనుకోండి.

పెద్దయ్యి తలా ఒక ఊరు పట్టాక ఆ పద్ధతి ఫోన్‌లోకి మారింది. "ఏమన్నా చెప్పాల్నా?" అని అడిగేది. నేను గడగడా చెప్పేదాన్ని: గిరాకీ లేదు, మా ఆయనకు షుగరు, పిల్లకు ర్యాంకు. చెప్పడం అయిపోగానే, "ఉంటా పెద్దమ్మా, షాపులో మనుషులున్నారు" అని పెట్టేసేదాన్ని. షాపులో ఒక్కోసారి ఈగలు తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు.

సమాధి దగ్గర పాస్టరయ్య మమ్మల్ని రెండు మాటలు చెప్పమన్నారు. మాకేం కరువు? తన కాన్పు కోసం పెద్దమ్మ ఎట్లా ఉపవాసం ఉందో చిన్నాన్న కూతురు చెప్పింది. ఉద్యోగం ఎట్లా వచ్చిందో ఒకడు చెప్పాడు. నేను నా షాపు గురించి చెప్పాను. పాస్టరయ్య ఓపిగ్గా అన్నీ విన్నారు.

"సరేనమ్మా. ఇవన్నీ మీ సంగతులు. మరి ఆమె సంగతి? ఆమెకేం కావాలని అడుక్కునేది?"

ఆమెతో ఒకే ఇంట్లో ఉన్న వదిన చెప్పింది. "ఈ ఏడాదంతా రాత్రిపూట నడుం నొప్పితో కూసోనే ఉండేది. మీకు చెప్పొద్దనింది. వాళ్లకే శానా కష్టాలుండాయి అనింది."

ఆ గుంపులో తల వంచుకోని వాళ్లు లేరు. ఆమె చేతి కింద పెరిగిన వాళ్లం, ఆమె నడుం సంగతి మాకు తెలియదు.

ఆ సాయంత్రం అందరం అదే వాకిట్లో కూర్చున్నాం. వదిన అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి మూత వేసింది.

"నువ్వే చెయ్యి మే. ఆమె పక్కన కూసునేదానివి నువ్వే గదా" అన్నాడు అన్న.

కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. ఆమె వరసలోనే అందరి పేర్లూ వచ్చాయి, మేకలు, బస్సుతో సహా. చివర్లో నేను అనుకోకుండానే నా నోరు ఆ మాట అనేసింది.

"ఎవరన్నా మిగిలినారా?"

మా చర్చిలో పోయినవాళ్ల కోసం దేవుణ్ణి అడగరు. బతికున్నప్పుడే అడగాలి. మిగిలిందెవరో వాకిట్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆ పేరు చెప్పే వేళ దాటిపోయింది. ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు. మా మధ్య మూత కింద అన్నం చల్లారుతూ ఉంది, ఎవరూ చెయ్యి చాపలేదు.