నా చేతికి ఆయన బ్యాండు

దెయ్యాలంటే నాకు నవ్వు. పోయినవాళ్ళంతా తిరిగొస్తే మా వీధిలో నడవడానికి చోటుండదని మా ఆయనతో వేళాకోళమాడేదాన్ని. ఆయనా అంతే. సోదెమ్మ గుమ్మం ఎక్కితే గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపేసేవారు. అందుకే ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది. మొగుడు పోయాక దీనికి మతి చెడిందంటారు. అననీ. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది బందరు వెళ్ళే దారిలో చిన్న ఊరు. నేత పని. పిల్లలు లేరు, ఇంట్లో ఇద్దరమే. ముందు గదిలో గుంట మగ్గం. ఆయన పన్నెండో ఏట ఆ గుంటలో కాళ్ళు పెట్టారు, యాభై నాలుగు వచ్చేదాకా తీయలేదు. నేను పదో తరగతి పాసై ఈ ఇంటికి వచ్చాను. అప్పటినుంచీ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని ఆయనకు నూలు కండెలు చుట్టడమే నా పని.

నిరుడు వేసవిలో ఆయనకు గుండెపోటు వచ్చింది. విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. బతికి బయటపడ్డారు కానీ గుండెలో బలం తగ్గిపోయిందన్నారు. డాక్టరు గారు ఈసీజీ కాగితం మీద వేలు పెట్టి నాకే చూపించారు. "చూశారామ్మా, రెండుసార్లు సరిగ్గా కొట్టుకుని మూడోసారి తడబడుతోంది. మళ్ళీ రెండు, మళ్ళీ తడబాటు. ఇదీ ఈయన గుండె వరస." నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇంటికి పంపేటప్పుడు చేతికి ఒక బ్యాండు కట్టారు. వాచీలాగే ఉంటుంది, అడుగున పచ్చ లైటు వెలుగుతుంటుంది. గుండె ఎలా కొట్టుకుంటోందీ, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందీ ఎప్పటికప్పుడు మా ఫోన్ నుంచి ఆసుపత్రికి వెళ్ళిపోతుందట. అక్కడ సుజాత సిస్టర్ అని ఒకమ్మాయి కంప్యూటర్లో చూస్తూ, తేడా వస్తే ఫోన్ చేస్తుంది. మూడు నెలలు మగ్గం మాటెత్తొద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు.

ఆయన పన్నెండు రోజులు ఆగారు. ఆ పన్నెండు రోజులూ మంచం మీంచి మగ్గాన్ని చూడటం, లేచి పడుగు మీద దుమ్ము దులపడం, మళ్ళీ వచ్చి పడుకోవడం. సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. పదమూడో రోజు పొద్దున నేను కూరగాయలకు వెళ్ళొచ్చేసరికి మగ్గం చప్పుడు వినిపించింది. నేను తిట్టేలోపే ఫోన్ మోగింది. సిస్టర్.

"అమ్మా, పల్స్ పెరిగిపోతోందేంటండీ? సారు ఏం చేస్తున్నారు?"

మెట్లెక్కారని అబద్ధం చెప్పాను. మర్నాడు మళ్ళీ మగ్గం ఎక్కారు, మళ్ళీ ఫోన్. మూడో రోజు సిస్టర్ ఆయన్నే పిలిచి గట్టిగా కేకలేసింది. ఫోన్ పెట్టేసి ఆయన బ్యాండు విప్పి నా ముందు పెట్టారు.

"ఏమే, ఇది నువ్వు పెట్టుకో."

"మీకేమన్నా పిచ్చా?"

"మంచం మీద పడుంటే నిజంగానే పిచ్చెక్కేట్టుంది. రోజుకి రెండు గంటలేనే. నువ్వు కూర్చునేదానివే కదా, నీ గుండె నిమ్మళంగా ఉంటుంది. వాళ్ళకీ మనశ్శాంతి, నాకూ మనశ్శాంతి."

ఒకరోజంతా నెత్తీ నోరూ కొట్టుకున్నాను. రెండో రోజు పెట్టుకున్నాను. ఆయన బలవంతపెట్టారని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ నిజం వేరు. మగ్గం చప్పుడు లేని ఇంట్లో ఉండటం నా వల్ల కూడా కాలేదు. ఆ చప్పుడు మళ్ళీ మొదలైనప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ పాపంలో నా వాటా తక్కువేం కాదు.

రెండు గంటలు కాస్తా నాలుగైంది. బ్యాండు ఇక నా చేతినే ఉండిపోయింది, పడుకున్నా తీయలేదు. సిస్టర్ ఫోన్లు ఆగిపోయాయి. వారానికోసారి డాక్టరు గారు వీడియోలో మాట్లాడేటప్పుడు మాత్రం గబగబా ఆయన చేతికి కట్టేదాన్ని. "చాలా బాగుంది, మందులు పనిచేస్తున్నాయి, చెప్పిన మాట విన్నారు" అని డాక్టరు గారు మెచ్చుకుంటే, మేమిద్దరం పక్కకు తిరిగి దొంగపిల్లల్లా నవ్వుకున్నాం. మూడు వారాలు ఇలాగే గడిచాయి.

శ్రావణ మాసం, మధ్యాహ్నం. అన్నాలు తిన్నాం. బాగా ఉక్కగా ఉంది. నేను అరుగు మీద కండెలు చుడుతున్నాను, లోపల ఆయన నేస్తున్నారు. రెండున్నర అవుతుండగా ఫోన్ వచ్చింది.

"అమ్మా, సారు ఎలా ఉన్నారు? పల్స్ నూట యాభై దాటిపోయింది. ఆక్సిజన్ పడిపోతోంది. ఆయాసంగా ఉందా?"

నా చేతివంక చూసుకున్నాను. బ్యాండు నా చేతికే ఉంది. నాకు ఆయాసం లేదు, దడ లేదు, తిన్న అన్నానికి కునుకు వస్తోంది. రాట్నం కూడా ఆపలేదు. ఆ వేళ నా ఒంట్లో ఏ తేడా ఉన్నా నాకు తెలిసేది.

"బాగానే ఉన్నారండీ. పడుకున్నారు" అన్నాను.

"ఒకసారి మాట్లాడించండి."

లోపలికి వెళ్ళి ఫోన్ ఇచ్చాను. ఆయన చెయ్యి ఆపి, "బాగానే ఉన్నానమ్మా, ఏం లేదు" అన్నారు. నుదుటి మీద చెమట కారుతోంది. చూశాను. ఆ ఉక్కలో నాకూ కారుతోంది కదా అనుకున్నాను.

సిస్టర్ నమ్మలేదు. "నాకెందుకో భయంగా ఉందమ్మా. బ్యాండు బిగించి చూడండి" అంది. నా చేతికే బిగించాను. "ఇంకా పెరుగుతోంది. అంబులెన్స్ పంపించేస్తాను" అంది.

అంబులెన్స్ వస్తే ఏముంది? ఆయన మగ్గం మీద, బ్యాండు నా చేతికి. మా బండారం బయటపడుతుంది. పైగా కట్టుకున్నది నేను, నాకేమీ లేదు. యంత్రం చెడిందనే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

"వద్దండీ, రేపు మేమే వస్తాం" అని పెట్టేశాను.

ఆయన నవ్వారు. "నీ గుండె పాడైందేమిటే, నన్ను చూసి చూసి?" అని మళ్ళీ మొదలుపెట్టారు. నేను అరుగు మీదికి వచ్చేశాను. కాసేపటికి మగ్గం ఆగింది. కండె మారుస్తున్నారనుకున్నాను. నేను మరో రెండు కండెలు చుట్టాను. అప్పుడిక అనుమానం వచ్చి లోపలికి వెళ్ళాను.

నేసిన బట్ట మీదికి వాలిపోయి ఉన్నారు. కాళ్ళు గుంటలోనే ఉన్నాయి.

నేను అరవకముందు ఒక పని చేశాను. నా చేతి బ్యాండు విప్పి ఆయన చేతికి కట్టాను. ఆ తర్వాతే అరిచాను. ఎందుకలా చేశానో ఏం చెప్పను? ఆయన్ని పట్టుకుని ఏడవాల్సిన చేతులు ఆ పని చేశాయి. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. అంబులెన్స్ వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

పెద్దకర్మ అయ్యాక బ్యాండు తిరిగివ్వడానికి విజయవాడ వెళ్ళాను. డాక్టరు గారు కూర్చోబెట్టి కంప్యూటర్లో ఆ రోజు గీతలు చూపించారు. రెండు సరిగ్గా, మూడోది తడబాటు. రెండు సరిగ్గా, మూడోది తడబాటు. "మూడు వారాలుగా ఈ తడబాటు దాదాపు కనబడలేదమ్మా. ఆ రోజు రెండింటికి మళ్ళీ మొదలైంది" అన్నారు. గీతలు దగ్గర దగ్గరగా వచ్చి, రెండు గంటల యాభై ఒక్క నిమిషాలకు చదునైపోయాయి. అప్పటికి బ్యాండు నా చేతికే ఉంది, నేను అరుగు మీద కండె చుడుతున్నాను.

"చివరిదాకా చేతినుంచి తీయనివ్వకుండా చూసుకున్నారు. మీరు చేయగలిగిందంతా చేశారు" అన్నారాయన.

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మగ్గం సంగతి, బ్యాండు సంగతి, అన్నీ. డాక్టరు గారు ఓపిగ్గా విన్నారు. వెంటనే నాకే ఈసీజీ తీయించారు. నా గుండె గడియారంలా కొట్టుకుంటోంది. "ఆ రోజు వచ్చింది మీ గుండె వరస కాదమ్మా, ఆయనదే. బ్యాండు ఆయన చేతికి లేకుండా ఎలా వస్తుంది? దుఃఖంలో అన్నీ మన తప్పులాగే అనిపిస్తాయి" అని నిద్రమాత్రలు రాసిచ్చారు.

బయట వరండాలో సుజాత సిస్టర్ నిలబడి ఉంది. అంతవరకూ గొంతు వినడమే తప్ప, మనిషిని చూడటం అదే మొదలు. సన్నగా, చిన్నపిల్లలా ఉంది. నన్ను చూడగానే భోరుమంది. "మిమ్మల్ని అడక్కుండా అంబులెన్స్ పంపేయాల్సిందమ్మా. నా చేతులారా పోగొట్టాను. ఈ ఉద్యోగం ఇక చేయలేను" అంది.

"నీ తప్పు కాదు తల్లీ, బ్యాండు నేను కట్టుకున్నాను" అన్నాను. చేతులు పట్టుకుని మళ్ళీ చెప్పాను.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "నన్ను ఓదార్చడానికి ఇలా చెబుతున్నారు. మీది చాలా మంచి మనసండీ" అంది. వారం తిరక్కుండా ఉద్యోగం మానేసిందని తర్వాత తెలిసింది.

ఇప్పటికీ ఊళ్ళో నన్ను మెచ్చుకుంటారు, మొగుణ్ణి కంటికి రెప్పలా చూసుకుందని. నా తప్పు నేనే ఒప్పుకున్నా నమ్మే దిక్కు లేదు. నా చేతికున్న బ్యాండులోకి ఆయన గుండె ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. దేవుడనుకోను, దెయ్యమనుకోను, ఏమనుకోవాలో తెలియదు. తెలిసింది ఒక్కటే. నోటితో బాగానే ఉన్నానన్నారు. నా చేతి మీద బాగాలేనన్నారు. నేను నోటి మాట నమ్మాను.