పదకొండు పలకలు

నడికుడి దగ్గర సమాధి పలకలు చెక్కే దానయ్యకు ఇంగ్లీషు రాదు. రాదని ముప్పై ఏళ్లలో ఒక్కరోజూ పని ఆగలేదు. పోయినవారి పేరు, తేదీలు ఇంటివాళ్లు చీటీ మీద రాసిస్తారు. కింద వేసే 'రెస్ట్ ఇన్ పీస్' అనే ఇంగ్లీషు మాట మాత్రం ఎవరూ రాసివ్వరు. "మా బావ పలక మీద ఉన్నట్టే పెట్టు" అంటారు. దానయ్య శ్మశానానికి వెళ్లి, పాత పలక మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు దించుకొస్తాడు. రాతి మీద ఉన్నది తప్పెందుకవుతుందని ఆయన ధీమా.

మొన్న మార్చిలో షెర్లీ టీచరు తన తండ్రి పలక కోసం వచ్చి, ఆ అచ్చు కాగితం చూసి నివ్వెరపోయింది.

"బాబాయ్, పీస్ అని పలికే మాటలు రెండున్నయ్. శాంతి అయితే పీ తర్వాత ఈ, ఏ రావాల. ఇక్కడ ఐ, ఈ ఉన్నయ్. ఇది ముక్క."

"ముక్కేందమ్మా?"

"రొట్టె ముక్క, గుడ్డ ముక్క అంటామే, అది."

దానయ్యకు తల కొట్టేసినట్టయింది. వెళ్లి చూస్తే అదే తప్పు పదకొండు పలకల మీద ఉంది. ఒకదాన్నుంచి ఒకటి దించుకుంటూ పోయాడు మరి! పైగా ప్రతి పలక మూలా తన గుర్తుగా చిన్న ఉలి బొమ్మ. ఇన్నేళ్లూ ఎవరూ పట్టుకోలేదు, నోరు మూసుకుంటే ఇకముందూ పట్టుకోరేమో. కానీ ఈస్టరు నాడు ఆ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించేవాళ్ల ముఖం ఎలా చూడాలి?

ఇంటింటికీ తిరిగి ఒప్పుకున్నాడు. కొందరు నవ్వారు, ఒకాయన తిట్టాడు. పలక ముఖమంతా అరగదీసి, పేరుతో సహా డబ్బు తీసుకోకుండా మళ్లీ చెక్కి ఇస్తానంటే పది ఇళ్లవాళ్లు సరేనన్నారు. పండగలోపు ఆ పదీ ముగించాడు.

పదకొండోది గ్రేసమ్మ భర్త యోబుది. ఆమె ససేమిరా అంది.

"చదువుకున్నోళ్లు చూస్తే నవ్వుతారత్తా."

"నాకు చదువు రాదురా. సమాధి కాడికి పోయినప్పుడల్లా ఆయన పేరు మీద వేలు పెట్టి దిద్దుకుంటా. ఏ గుంట ఎక్కడుందో నా వేలికి తెలుసు."

"మళ్లా అట్టనే చెక్కుతాగా."

"కొత్త గుంటలు నాకెందుకు? నీ పరువు కోసం నా మొగుడి పేరు చెరపబాక."

 దానయ్య ఉలి సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు.

ఈస్టరు నాడు షెర్లీ ఆ పలక ముందు ఆగింది. "బాబాయ్, దీన్ని మర్చిపోయినట్టున్నావే!"

చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. దానయ్యకు సిగ్గేసింది.

"మర్చిపోలా. తప్పు నాదేనమ్మా. అట్టనే ఉంటది" అన్నాడు. వంగి, పలక మూలన మట్టి కమ్మిన తన ఉలి గుర్తును అందరికీ కనబడేలా తువ్వాలుతో తుడిచాడు.