నంబరు లేని సీసా

పోయినవాటిని ఒకసారి వరుసగా లెక్కవేశాను. అక్క ఒకతె. పోయేనాటికి ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. మా అమ్మ బతికినంత కాలం బతికి ఉంటే ఇంకో ఇరవై ఆరేళ్లు. వైద్యం పనిచేసి ఉండగల ఏడు నెలలు. తిరువాలంగాడు స్టేషన్ నుంచి మద్రాసుకు ప్రయాణాలు పద్నాలుగు, వాటిలో ఆమె కూర్చుని రాగలిగినవి తొమ్మిది. ఆమె బయటికి చెప్పకుండా ఓర్చుకున్న నొప్పికి లెక్క లేదు కనుక దాన్ని కలపలేదు.

నేను బడిలో అయిదో తరగతి దాటలేదు. కనకమ్మ సత్రం అనే ఊళ్లో వడ్ల మండీలో కొలతలు రాస్తూ అంకెలు నేర్చుకున్నాను. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను మాలో ఒకటి అనరు, ‘లాభం’ అంటారు. ఆ తరువాతే రెండు, మూడు. ఇరవై ఏళ్లు అలాగే పలికాను, అలాగే రాశాను.

ఎనభైల నడుమ మద్రాసు నుంచి ఒక లేడీ డాక్టరు వచ్చి మా ఊరి బడిలో శిబిరం పెట్టింది. ముట్లు నిలిచాక మళ్లీ నెత్తురు కనబడిన ఆడవాళ్లను రమ్మంది. గర్భాశయ ముఖద్వారం నుంచి చిన్న తునక తీసి, క్యాన్సరు ఉందా అని ఒక పరీక్ష, ఆ కండలో ఒక వైరస్ ఉందా అని ఇంకో పరీక్ష చేస్తారట. పులిపిర్లు తెచ్చే వైరస్‌ల జాతిదే అది. వాటిలో కొన్ని రకాలు ఏళ్ల తరబడి లోపలే ఉండి క్యాన్సరుకు దారితీస్తాయని ఇప్పుడిప్పుడే తెలుస్తోందని చెప్పింది. నా చేతిరాత చూసి, తునకలు వేసే సీసాలకు నంబర్లు రాసి అంటించే పని నాకిచ్చింది. పేర్లు నా నోటుబుక్కులో, సీసా మీద నంబరు మాత్రమే.

వరండాలో కూర్చున్న ఆడవాళ్లెవరూ కదలలేదు.

“కత్తితో కోస్తారంట గదక్కా?” అని ఒకామె మా అక్కను అడిగింది.

“చెవులు కుట్టించుకుంటివి, ముక్కు కుట్టించుకుంటివి, అప్పుడు చస్తివా? మీరు ఈడనే కూసోని పళ్లికిలిస్తా ఉండండి. ముందర నేను పోతా.”

కాసేపటికి నర్సు అక్క సీసా తెచ్చిచ్చింది. నేను అలవాటు కొద్దీ “లాభం” అని పలుకుతూ చీటీ రాసి అంటించాను. వెనకే వచ్చిన అక్క వినింది.

“ఏంరా తమ్ముడా, నన్ను వడ్లనుకుంటివా?”

అందరూ నవ్వారు. భయం పోయి ఒకరి వెనక ఒకరు లేచారు. సాయంత్రానికి ముప్పై రెండు సీసాలు.

చెడు ఉన్నవాళ్లకే కబురు వస్తుందని నర్సు చెప్పి పోయింది. రెండు నెలలకు ముగ్గురికి వచ్చింది. అక్కకు రాలేదు. ఆషాఢంలో, మా వైపు ఆడి నెల అంటారు, పెరియపాళయం పోయి అమ్మవారికి పొంగలి పెట్టి వచ్చింది. నెత్తురు మాత్రం ఆగలేదు. ఆస్పత్రికి పోదామంటే, “మళ్లా యాడికిరా పోయేది? ఏమన్నా ఉంటే కబురు పంపకుండా ఉంటారా?” అనేది. నాకూ అది సరైన లెక్కగానే తోచింది. ఫలితాల జాబితా చూపమని ఎవరినీ అడగలేదు.

ఏడో నెలలో ఆమె లేవలేకపోతే మద్రాసు తీసుకుపోయాను. జబ్బు చుట్టుపక్కలకు పాకిందన్నారు. లేడీ డాక్టరును వెతికి పట్టుకుని జాబితా అడిగాను. రెండుతో మొదలై ముప్పై రెండుతో ముగిసింది. ల్యాబులో పనిచేసే అతను అలమర నుంచి ఒక సీసా తెచ్చాడు.

“ఇదుల నంబరే ఇల్లయే సార్. ఏదో తెలుంగు ఎళుత్తు.”

నంబరు లేదని, తెలుగు అక్షరాలు చదవలేక విడిగా పెట్టేశారు. చీటీ మీద నా రాత పొందికగానే ఉంది.

డాక్టరు ఆ సీసా తన దగ్గర పెట్టుకుంది. ఆ తునకలోనూ వైరస్ కోసం చూసి ఉత్తరం రాస్తానంది.

తిరుగు రైలులో అక్కకు చెప్పాను. “నీ సీసా మీద ఒకటి అని రాయలేదక్కా. లాభమని రాసినాను.”

ఆమె కిటికీ నుంచి నా వైపు తిరిగింది.

“నేనూ విని నగితిని కదరా,” అంది. తరువాత, “ఇంతకీ ఆ వైరస్సు నాలో ఉండిందా, లేదా? తెలిస్తే చెప్పు. దేనివల్ల పోతా ఉండానో తెలుసుకొని పోతా.”

ఉత్తరం రాకముందే ఆమె పోయింది. నేను నాలుగు ఉత్తరాలు రాశాను. డాక్టరు బదిలీ అయిందని చివరిదానికి జవాబు వచ్చింది. మండీలో మొదటి కొలతకు నేను “ఒకటి” అంటే రైతులు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు.

పంపినవి ముప్పై రెండు. ఫలితం తెలిసినవి ముప్పై ఒకటి. అక్కకు నేను చెప్పవలసింది, ఈ రోజుకీ, ఒకటి.